మూడడుగుల నీరు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయమును విని మీలో కొందరు, "అరువదియేండ్లు పైబడిన పిమ్మట ఈ పంతులుగారికి ఇదేమి బుద్ధి పుట్టినది?" అని యనుకొనవచ్చును. భారతమును గూర్చియో వ్యాకరణమును గూర్చియో చెప్పవలసినవాడను, అమెరికా దేశమున మువ్వురు నల్లజాతి యువకులు 1989వ సంవత్సరమున వెలువరించిన యొక పాటల సంపుటిని గూర్చి చెప్పవచ్చితిని. నాకును సంకోచము లేకపోలేదు. అయినను ఆ సంపుటి నడుమ ఒక తగవు దాగియున్నది. పరుల సొత్తు ఎంతవరకు పరులది, ఎచ్చటనుండి మనది యగును అను తగవది. గట్టు తగవులును నీటివంతుల తగవులును తీర్చిన పెద్దలు మీలో పెక్కుమంది గలరు గనుక దీనిని మీ యెదుట పెట్టుట తగునని తలచితిని.

మా అమ్మాయి కుటుంబము న్యూయార్కు నగరమునకు తూర్పుగా సముద్రములోనికి చాచిన చేయివలెనున్న లాంగ్ ఐలండను దీవియందు కాపురమున్నది. 2024లో నేనచ్చటికి పోయి నాలుగు మాసములుంటిని. పదునైదేండ్ల మనుమడు గలడు. వాని గదినుండి పగలెల్ల నొక మ్రోత వచ్చుచుండెడిది. చాలనాళ్లు తలుపు వేయించితిని. ఒకనాడు మాత్రము నిలిచి వింటిని. తాళము డప్పువలె గట్టిగా పడుచున్నది. దానిపై మాటలు పద్యమును గాక గద్యమును గాక, ప్రాసలను పట్టుకొని పరుగెత్తుచున్నవి. నాకు వాని భాష సగము తెలియలేదు గాని ప్రాస తెలిసినది. ఛందస్సు చదివినవాని చెవికి ప్రాస ఏ భాషయందైనను దొరకక తప్పదు.

"ఎవరి పాటరా ఇది?" అని యడిగితిని.

"డె లా సోల్ వాళ్ళది తాతయ్యా. వాళ్ళది ఇక్కడికి దగ్గర ఊరే. కాని మ్యూజిక్ వాళ్ళది కాదు. వేరేవాళ్ళ రికార్డుల్లోంచి ముక్కలు తీసి అతికించారు."

"అనగా దొంగసొత్తా?" అంటిని. వాడు నవ్వి, నన్ను కుర్చీలో కూర్చుండబెట్టి, ఆ సంపుటిని మొదటినుండి తుదివరకు వినిపించెను. గంటకు పైగా పట్టినది.

కథ తెలియుటకు ముందు ఆ కళయొక్క పుట్టుక కొంచెము తెలియవలెను. హిప్‌హాప్ అనునది న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు పేటలో 1973 ప్రాంతమున పుట్టినది. కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధుడైన జమైకా దేశపు యువకుడు విందులయందు రికార్డులు వేయుచుండెడివాడు. అతడు ఒకే రికార్డు ప్రతులు రెండింటిని ప్రక్కప్రక్కనున్న రెండు యంత్రములపై పెట్టి, పాటలో గానము నిలిచిపోయి వాద్యము మాత్రము మ్రోగెడి చిన్నభాగమును మరలమరల త్రిప్పి, నాట్యమాడువారికి విరామము లేకుండ చేసెను. ఆ మ్రోతమీద మైకు పట్టుకొని ప్రాసలతో మాటలల్లువారు బయలుదేరిరి. బీదపిల్లలకు పియానోలు ఎచ్చటనుండి వచ్చును? ఇంటిలో తల్లిదండ్రులు కొనిపెట్టిన పాత రికార్డులే వారికి వాద్యములైనవి.

డె లా సోల్ దళమువారు లాంగ్ ఐలండులోని ఆమిటీవిల్ అను ఊరివారు. ఉన్నతపాఠశాలలో కలిసిన స్నేహితులు. సంపుటి వెలువడునప్పటికి వారి వయస్సులు 18, 19, 20. పెరుగును ఆంగ్లమున యోగర్ట్ అందురు. డేవిడ్ జోలికూర్ అనునతడు ఆ మాటను తలక్రిందులు చేసి ట్రుగాయ్ అని తనకు పేరు పెట్టుకొనెను. కెల్విన్ మెర్సర్ అనునతడు ధ్వని యను నర్థమిచ్చు ఆంగ్లపదమును త్రిప్పి పోస్డ్‌న్యూస్ అయ్యెను. అనులోమ విలోమములు మన కవులకే యెరుకయని గర్వించువాడను నేను, కొంచెము సిగ్గుపడితిని. మూడవవాడు విన్సెంట్ మేసన్, మేసియో అని పిలువబడువాడు, రికార్డులు త్రిప్పువాడు. వీరికి సూత్రధారి అదే యూరివాడు, వీరికంటె కొంచెము పెద్దవాడు, ప్రిన్స్ పాల్. ఆనాడు ఈ కళలో మెడనిండ బంగారు గొలుసులు వేసికొని తమ బలమును తామే పొగడుకొనువారు మిక్కుటముగ నుండగా, వీరు పచ్చని పసుపువన్నె అట్టపై పూవులు వేయించుకొని, హాస్యమును పిల్లతనమును వెంటబెట్టుకొని వచ్చిరి. ఇట్లు వేరుదారి త్రొక్కినవారి పాటనే ప్రత్యామ్నాయ హిప్‌హాప్ అందురు.

సంపుటి పేరు 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్'. మూడడుగుల యెత్తయినది, ఇంకను పెరుగుచున్నది అని యర్థము. మూడడుగులనగానే నాకు వామనుడు తలపునకు వచ్చి, బలిచక్రవర్తి కథ యేమైన చొప్పించిరా యని వెదకితిని. లేదు. ఇది వరదనీటి కొలత. 1937లో ఆర్కన్సా రాష్ట్రమున నది పొంగి పొలములు మునిగినప్పుడు అయిదేండ్లు నిండని పిల్లవాడొకడు ఇంటివారితో కూడ ఊరు విడువవలసివచ్చెను. ఆ పిల్లవాడు పెద్దవాడై జానీ క్యాష్ అను ప్రసిద్ధ గాయకుడయ్యెను. నీరు అడుగడుగునకు పెరుగుటను గూర్చి 1959లో ఒక పాట పాడెను. ఆ పాటలో నీరు అయిదడుగులు. ఈ పిల్లలు దానిని మూడు చేసిరి. అతని కంఠమును కూడ ఒక తునుకగా కోసి తమ పాటలో పెట్టుకొనిరి.

మూడెందులకనగా, మువ్వురు గనుక. నా మనస్సును పట్టుకొన్న మొదటి పాట దానిమీదిదే. దాని పల్లవి వారిది కాదు. 1973లో అమెరికాయందు టెలివిజనులో బాలురకు గుణకారము నేర్పుటకై పాటలు వేయనారంభించిరి. ఒక ప్రకటనల సంస్థ యజమాని, తన కుమారునికి ఎక్కములు జ్ఞాపకముండవు గాని వినుపాటలన్నియు కంఠస్థమైయుండుట చూచి ఆ యూహ చేసెనట. బాబ్ డరో అను సంగీతజ్ఞుడు మూడవ యెక్కమునకు పాట కట్టెను. ఆ పాట విని పెరిగిన తరమే పదునారేండ్ల తరువాత దానిని తమ పాటకు పునాదిగా వేసికొన్నది. ఇది వినగానే నేను కుర్చీలోనుండి ముందునకు జరిగితిని. ఎందులకో తరువాత చెప్పెదను.

సంపుటిలో ఇరువదికి పైగా అంశములున్నవి. పాటకును పాటకును నడుమ ఒక ప్రశ్నల పోటీ నడుచును. కోడికి ఈకలెన్ని యని యడుగును, చెప్పగలవాడెవ్వడు? మన అష్టావధానమున అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుడు నాకు కనబడినాడు. ఒక పాటలో మొసలి, ఉడుత, చేప, కోతి వరుసగా వచ్చి హితము చెప్పును. పంచతంత్రమును చదివిన మనకు ఇది చుట్టరికము. నీరు పెరుగుచున్నపుడు తల నీటిపైన నిలుపుకొనుట యెట్లన్నదే ఆ హితము. మరియొకటి మత్తుమందుల పాలైన తల్లికి పుట్టిన శిశువును గూర్చినది. నవ్వుచు నవ్వుచు వినువాడు అచ్చట ఆగిపోవును. అన్నియు నాకు నచ్చినవని చెప్పను. కొన్ని బాల్యచేష్టలు, కొన్ని పెద్దల యెదుట వినదగనివి.

ఇక తగవు. ఆ కాలమున సాంప్లర్ అను యంత్రము వచ్చినది. పాత రికార్డునుండి కొన్ని సెకండ్ల ధ్వనిని పట్టి, నిలువజేసి, కావలసిన వేగమున మరలమరల పలికించును. ఈ పిల్లలు నల్లవారి పాటలు, తెల్లవారి పాటలు, ఫ్రెంచి భాష నేర్పెడి పాఠపు రికార్డు మున్నగు వానినెల్ల ఆ యంత్రమున వేసిరి. ఓటిస్ రెడ్డింగ్ అను గొప్ప గాయకుడు 1967 డిసెంబరున విమానప్రమాదమున మరణించెను. మరణమునకు కొలది దినములముందు పాడిన పాట చివర అతడు ఈలవేసెను. ఆ యీల వీరి ప్రేమగీతమొకదానిలో వినబడును. అది ఎవరిదో తెలియనప్పుడు హాయిగా వింటిని. తెలిసిన తరువాత రెండవమారు వినుట కొంచెము కష్టమైనది.

మన శాస్త్రమున దీనికి కొలత గలదేమో యని ఆ రాత్రి ఆలోచించితిని. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాల్గవ ఉద్యోతమున కవుల భావములు ఒకదానితో నొకటి కలియుటను మూడువిధములుగ విడదీసినాడు. అద్దములోని ప్రతిబింబమువలె నుండునది, చిత్తరువువలె నుండునది, పోలికగల యిద్దరు మనుష్యులవలె నుండునది. మొదటి రెండు విడువదగినవి. మూడవదానికి దోషము లేదు. ఎంత పోలికయున్నను ఆ మనుష్యునికి తన ప్రాణము తనకున్నది గదా! రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణము, అర్థహరణము అని మూడధ్యాయములు వ్రాసినాడు. సమస్యాపూరణమున పృచ్ఛకుడిచ్చిన పాదము పరులదే. తక్కిన మూడు పాదములు అవధానివి. అచ్చట దొంగతనమని యెవ్వరనరు, ఇచ్చినవాడు సభలో కూర్చుండియుండును గనుక.

ఈ కొలతలతో చూచిన యెడల డె లా సోల్ వారికి చాలవరకు గెలుపే. మూడవ యెక్కపు పాట వారి చేతిలో స్నేహపు పాటయైనది, వరదపాట నవ్వుపాటయైనది. కాని మన శాస్త్రకారులు ఎరుగనిది ఒకటి కలదు. నేను తిక్కన భావమును దొంగిలించినను నా నోటితోనే పలుకవలెను. ఇచ్చట తీసికొన్నది భావము కాదు, మాట కాదు. మనుష్యుని కంఠమే, అతని యూపిరియే. ఆ యీల వేసినవాడు ఓటిస్ రెడ్డింగే. దీనికి హరణమను మాట చాలదు. వేరొక మాట నాకు దొరకలేదు.

న్యాయస్థానమువారికి మాత్రము దొరికినది. సంపుటిలో ఒక నిమిషమునకు కొంచెము మించిన చిన్న అంశమొకటి కలదు. ఫ్రెంచి పాఠపు పలుకులను 'ది టర్టిల్స్' అను దళమువారి 1968 నాటి పాట తునుకపై వేసినది. పెక్కు తునుకలకు అనుమతి తీసికొన్నను దీనికి తీసికొనలేదు. ఆ దళములోని హోవర్డ్ కేలన్, మార్క్ వోల్మన్ అనువారు వ్యాజ్యము వేసిరి. అది న్యాయస్థానము వెలుపల సొమ్ముతో రాజీయైనది. అంతలో 1991 డిసెంబరున బిజ్ మార్కీ అను వేరొక గాయకునిపై, ఇట్టి తునుకను గూర్చియే, న్యూయార్కులో తీర్పు వచ్చినది. న్యాయమూర్తి తన తీర్పును దొంగతనమును నిషేధించు బైబిలు ఆజ్ఞతోనే ఆరంభించెను. నాటినుండి ప్రతి తునుకకును వకీలు, ప్రతి తునుకకును వెల. ఇట్టి సంపుటిని మరల కూర్చుటకు ఎవ్వరికిని శక్తి చాలదయ్యెను.

టర్టిల్స్ వారిని నేను నిందింపను. తమ పాటకు వెల యడుగుట తప్పు కాదు. కాని కాలువనీటి వంతు తీర్చుమన్న కాలువనే పూడ్చినట్లయినది. ఎట్లనగా, 1989 నాటి అనుమతి పత్రములు రికార్డులు, టేపులు మున్నగు వస్తువులను ఉద్దేశించి వ్రాసినవి. తరువాత అంతర్జాలము ద్వారా పాటలు వినుట వచ్చినది. ఆ పత్రములలో దానికి చోటు లేదు. అందరి పాటలును అచ్చట దొరకుచుండగా ఈ సంపుటి దొరకదు. 2010వ సంవత్సరపు జాబితాలో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు దీనిని జాతీయముగ భద్రపరుపదగిన ధ్వనిముద్రణములలో చేర్చిరి. భద్రపరచిరి సరే, ఒక పదునైదేండ్ల బాలుడు వినవలెనన్న దారి యేది? 2014 ఫిబ్రవరి 14న ఆ దళమువారే విసిగి, తమ పాటలన్నిటిని 25 గంటలపాటు ఎవరైనను ఉచితముగ తీసికొనవచ్చునని అంతర్జాలమున పెట్టిరి. తమ పంటను తామే కళ్లమున పోసి, రాత్రికి రాత్రి ఎత్తుకొనిపొమ్మన్నట్లు! 2019లో కంపెనీతో లాభముల పంపకము కుదరక మరల నాగినది. 2021లో రిజర్వాయర్ అను సంస్థ ఆ కంపెనీని కొన్న పిమ్మటనే దారి తెరచుకొన్నది. 2023 మార్చి 3వ తేదీన, 34 ఏండ్లకు, ఆ సంపుటి అందరికిని వినవచ్చినది.

పెరుగు పేరు పెట్టుకొన్న డేవిడ్ జోలికూర్ ఆ దినమును చూడలేదు. ఆ యేడాది ఫిబ్రవరి 12న, 54వ యేట మరణించెను. పందొమ్మిది దినములు.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. సంపుటిలో 'పాట్‌హోల్స్ ఇన్ మై లాన్' అను పాటయొకటి కలదు. నా పచ్చికలో గోతులు త్రవ్విరి అని యర్థము. పచ్చికయనగా తమ కవిత్వము, గోతులనగా ఇతరులు పెరుకుకొని పోయిన పలుకులు. పరుల ధ్వనులనెల్ల ఏరుకొన్న ఈ పిల్లలే, తమ మాటలను పరులెత్తుకొని పోవుచున్నారని వాపోవుచున్నారు! నేను పెద్దగా నవ్వితిని. "ఇదేమి న్యాయమురా?" అంటిని. మనుమడు బదులు చెప్పలేదు. నవ్వు ముగియకముందే నాకు నా గొయ్యి జ్ఞాపకము వచ్చినది.

నేను 1987లో ఒక చిన్న యూరిలో ఏకోపాధ్యాయ పాఠశాలయందుంటిని. ఏడవ యెక్కమనగానే పిల్లలు నిజముగ ఏడ్చెడివారు. ఆరువరకు నడచిన నోరు ఏడు దగ్గర కూలబడెడిది. బెత్తముతో కొన్నినాళ్లు చూచితిని, లాభము లేకపోయినది. చివరకు ఆ యెక్కమును ఆటవెలదులలో కట్టితిని. ఏడుకోడళ్ల ఇంటికథ యొకటి అల్లి, అంకెలను అందులో దాచితిని. పిల్లలు రెండు దినములలో నేర్చినారు. కొన్నియేండ్లకు ఒక ప్రచురణకర్త వేసిన బాలల పుస్తకమున ఆ పద్యములు నాలుగు నా పేరు లేకుండ కనబడినవి. జాబు వ్రాసితిని. ప్రత్యుత్తరము లేదు. మరల వ్రాసితిని. ఆ పుస్తకము నాలుగైదు మారులు అచ్చయినది. సొమ్ము నాకక్కరలేదని అందరితో అంటిని గాని, ఆ మంట ముప్పదియేండ్లకు పైగా ఆరలేదు.

ఉద్యోగవిరమణకు ముందు ఒకనాడు బస్సుకొరకు నిలిచియుండగా, ప్రక్కన నెనిమిదేండ్ల బాలిక తన తమ్మునికి ఏడవ యెక్కము చెప్పుచున్నది. నా పద్యమే. "ఇది నాదమ్మా" అన్నమాట నాలుక చివరకు వచ్చినది. అంతలో ఆ పిల్ల రెండవపాదమున ఒక మాట మార్చి చదివినది. యతి చెడినది. దిద్దుదునా యనుకొంటిని. కాని నేను వేసిన మాటకంటె ఆమె వేసిన మాట పిల్లవాని నోటికి సులువుగ పట్టినది. వాడు తప్పకుండ చెప్పినాడు. ఇంతలో బస్సు వచ్చినది.

ఆ ప్రచురణకర్తను నేను క్షమింపలేదు, నేటికిని క్షమింపను. ఆ బాలికపై నాకు కోపము లేదు. ఇద్దరును నా పద్యమునే తీసికొనిరి. ఒకడు పేరు చెరిపి అమ్ముకొనెను, ఒకతె తనదిగా చేసికొని తమ్మునికి పెట్టెను. డె లా సోల్ వారిని ఏ ప్రక్కన నిలుపవలెను? ప్రేమతో తీసికొనిరి, అది వినినవానికి తెలియును. అమ్మిరి కూడ, అదియు నిజము. టర్టిల్స్ వారికి తమ పాట వినబడినపుడు నాకు పుస్తకము కనబడినట్లయినదో, బాలిక కనబడినట్లయినదో! ఆ పిల్లలు మువ్వురు వారి గుమ్మమునకు పోయి ముందుగా అడిగియుండిన యెడల ఏమని యుందురో కదా. పెద్దలు మీరాలోచింపుడు. నేనింతవరకే పోగలిగితిని.

తిరుగుప్రయాణమునకు రెండు దినములముందు మనుమడు నాచేత ఆ యేడవ యెక్కపు పద్యములు ఫోనులో చదివించుకొని, క్రింద మద్దెలవంటి మ్రోత వేసి వినిపించినాడు. నా కంఠము నాకే పరాయిదిగ తోచినది. "స్నేహితులకు పంపనా తాతయ్యా?" అని యడిగినాడు. పంపుము గాని పైన నా పేరు వ్రాయుమంటిని. వ్రాసినాడు. తెలుగున వ్రాసినాడు, ఒక ఒత్తు తప్పినది. దిద్దలేదు.